వాగును అడిగి బయలుదేరాం

ప్రయాణానికి ముందు

దసరా సెలవులకు ఇంకా పది రోజులు ఉండగానే మా అమ్మాయి కొత్త నోటుపుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి పేజీలో ‘శరత్కాలంలో కొండల యాత్ర’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఎర్రటి ఆకులతో నిండిన చెట్టు బొమ్మ వేసింది. ఏడో తరగతి పిల్ల. విదేశాల్లో కొండల మీద ఉండే జాతీయ పార్కుల ఫొటోలు ఫోనులో చూసింది. కొండ కొండంతా ఎరుపు, పసుపు. మన నల్లమల కూడా దసరాకు అలాగే మారిపోతుందని నమ్మింది.

అసలు ఆ కోరిక నాలోనే పదేళ్లుగా ఉంది. నెల్లూరులో పుట్టి పెరిగాం. చెన్నైకి, తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. పడమట వెలికొండలు, వాటికి ఉత్తరాన నల్లమల ఒకదాని వెంట ఒకటి గోడలా నిలబడి ఉన్నాయని తెలుసు. ఆ కొండల పాదాల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక్కసారైనా పోయి చూడలేదు.

మామయ్యను పిలిచాను. మా అమ్మ తమ్ముడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేసి దిగిపోయారు. అందులో చాలా ఏళ్లు శ్రీశైలం బస్సు నడిపారు. ఆయన నోటుపుస్తకం అందుకుని ఎర్ర చెట్టును చాలాసేపు చూశారు.

“బొమ్మ బాగుందమ్మా. కానీ మన కొండల్లో ఆకు రాలేది శివరాత్రి రోజుల్లో. ఇప్పుడు చెట్లన్నీ పచ్చగా ఉంటాయి. మనం చూడాల్సింది ఆకుల్ని కాదు, నీళ్లని” అన్నారు.

ఆ మాటతో నా పథకం మొత్తం తలకిందులైంది. పద్యాల్లో శరత్తు అంటే మబ్బులు విడిపోయిన ఆకాశం, తేటపడిన ఏరు, పిండారబోసినట్టు వెన్నెల. మన తీరానికి ఆ లెక్క కుదరదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల్లోనే పడుతుంది. వాయుగుండాలూ తుపాన్లూ కూడా ఈ రోజుల్లోనే. క్యాలెండరులో సెలవులు చూసుకుని గదులు పట్టుకుంటే సరిపోదు.

మామయ్య దృష్టిలో కొండ ప్రయాణానికి మూడే ప్రశ్నలు. వాగు ఎలా ఉంది? అడవి గేటు ఎప్పుడు మూస్తారు? ఆఖరి పెట్రోలు బంకు ఎక్కడ? మా అమ్మాయి ఆ మూడింటినీ రెండో పేజీలో రాసుకుంది. ఆయన పాత పరిచయాలు ఇంకా చెక్కుచెదరలేదు. సీతారాంపురంలో ఒకరికి, మార్కాపురంలో ఒకరికి, దోర్నాలలో ఒకరికి ఫోను చేశారు. అందరినీ ఒకటే అడిగారు: “వాగు ఎలా ఉందయ్యా?”

దసరాకు రెండు రోజుల ముందు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. నాలుగు రోజులు ముసురు. ప్రయాణం ఆగిపోయింది. అమ్మాయి ఏడవలేదు గాని రెండు రోజులు నోటుపుస్తకం ముట్టుకోలేదు. మామయ్యే వచ్చి, “కార్తీక పౌర్ణమికి వెళదాం. భైరవకోనలో ఆ రాత్రికి ఉండేలా చూసుకుందాం” అన్నారు. తారీఖులను ఆ పౌర్ణమికి ఇటూ అటూ సర్దుకున్నాం.

మొదటి రోజు: ఉదయగిరి

తెల్లవారి ఆరింటికి నెల్లూరు వదిలాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, మామయ్య. సంగం, ఆత్మకూరు దాటేదాకా పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రోడ్డుకు రెండు పక్కలా నారుమళ్లు, నిండిన చెరువులు. ఆ తర్వాత నేల ఎర్రబడింది, పొలాల మధ్య బండలు కనిపించాయి. మలుపు తిరగ్గానే ఉదయగిరి దుర్గం ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది.

ఆ కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,000 అడుగులకు పైమాటే. పైభాగం నిట్టనిలువు బండ. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద యుద్ధం మొదలుపెట్టింది ఈ కోటతోనే. 1513లో ముట్టడి వేసి 1514లో గాని పట్టుకోలేకపోయాడు. అంత సైన్యానికి అంతకాలం ఎందుకు పట్టిందో పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. కొండ కింద నిలబడి తల పైకెత్తితే అర్థమైంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకువెళ్లి, దాని కోసం హంపిలో కృష్ణాలయం కట్టించాడు. ఆయన గెలిచి తీసుకుపోయిన వాటిలో తరతరాలు గుర్తుపెట్టుకున్నది ఆ పసివాడి విగ్రహమే కావడం నాకు ఎంతో నచ్చింది.

పైదాకా ఎక్కాలనే నా ఆశ. రాత్రి పడిన జల్లుకు రాళ్ల మీద పాకుడు పట్టింది. మామయ్య కిందే ఉండిపోయారు. మేం ముగ్గురం గంటసేపు ఎక్కి, కోట గోడ ఒకటి కనిపించేదాకా పోయి ఆగిపోయాం. అక్కడి నుంచి తూర్పున ఎటు చూసినా చెరువులే. పగిలిన అద్దం ముక్కలు పరిచినట్టు మెరుస్తున్నాయి. ఒకప్పుడు కోటను ఏలినవారికి ఈ నీళ్లే బలం అయి ఉంటాయని అనిపించింది.

సాయంత్రం ఊళ్లో చెక్క చెంచాలు చేసే ఇంటికి వెళ్లాం. ఉదయగిరి చెక్క నగిషీకి పేరు. నర్ది లాంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఒక పెద్దావిడ గడప దగ్గర కూర్చుని చెంచా కాడకు జాలీ చెక్కుతోంది. కాడ వెడల్పు నా చిటికెన వేలంత. అందులో వరసగా చిన్న చిన్న కిటికీలు. సన్నని ఆకురాయిని ఆ కిటికీలోంచి దూర్చి రెండుసార్లు అటూ ఇటూ ఆడించి, పొట్టు ఊది, వెలుతురుకు ఎత్తి చూసేది. ఒక్కో కిటికీకి అదే వరస. మా అమ్మాయి ఆమె పక్కనే చతికిలబడి అరగంట కదల్లేదు.

“ఒకటి విరిగితే ఏం చేస్తావు అవ్వా?” అని అడిగింది.

“విరిగితే కొత్త కర్ర తీసుకోవడమేనమ్మా. అందుకే తొందరపడను” అంది ఆమె.

ఆరు చెంచాలు కొన్నాం. బేరం ఆడాలనిపించలేదు.

రెండో రోజు: భైరవకోన

ఉదయగిరి నుంచి సీతారాంపురం మీదుగా ప్రకాశం జిల్లాలోకి. సీతారాంపురం దాటాక ఒక చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. నేను కారు ఆపేశాను. మామయ్య దిగి, పంచె ఎగగట్టి, నీళ్లలోకి నడిచారు. పిక్కల దాకా కూడా రాలేదు. అయినా ఆయన అవతలి ఒడ్డుకు పోయి, వెనక్కి వచ్చాకే సైగ చేశారు.

“నీళ్లు ఎంత లోతున్నాయో ఒక్కటే చూడకూడదు. కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో కాలితో తెలుసుకోవాలి” అన్నారు కారెక్కుతూ.

భైరవకోన చంద్రశేఖరపురం మండలంలో ఉంది, కొత్తపల్లి దగ్గర. కార్తీక పౌర్ణమి కాబట్టి జనం వస్తారని తెలుసు గాని ఇంతమంది అనుకోలేదు. ట్రాక్టర్లు, ఆటోలు, నెత్తిన మూటలతో నడిచి వచ్చే ఆడవాళ్లు. కారును చాలా దూరంలోనే వదిలి నడిచాం. కోన మొదట్లోనే నీళ్ల చప్పుడు వినిపించింది. పైనుంచి జలపాతం బండల మీద పడి, కింద గుండంలో తిరిగి, గుహల ముందు నుంచే సాగిపోతోంది.

ఒకే కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు అవి. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. పెద్ద గోపురాలూ ప్రాకారాలూ ఏమీ లేవు. కొండ ముఖం మీద గడప, రెండు స్తంభాలు, ఇరుపక్కలా ద్వారపాలకులు, లోపల చీకట్లో లింగం. నూనె దీపం వెలుగులో గోడకు చేయి ఆనించి చూశాను. ఉలి దెబ్బలు ఇంకా వేలికి తగులుతున్నాయి. ఎవరో మనిషి ఇక్కడ నిలబడి కొట్టిన దెబ్బలు. ఇది పల్లవుల కాలపు శైలి అని పుస్తకాల్లో చదివాను. ఆ గాట్ల మీద వేలు పెట్టినప్పుడు మాత్రం రాజుల పేర్లేవీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం అన్నదానం పంక్తిలో కూర్చుని పప్పు, గుమ్మడికాయ కూర, చారుతో తిన్నాం. సాయంత్రానికి మబ్బు కమ్మింది. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇక్కడ కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రకిరణాలు నీటి మీద పడి అమ్మవారి విగ్రహం మీద ప్రతిఫలిస్తాయని భక్తుల నమ్మకం. ఆమె వచ్చింది దాని కోసమే. ఎనిమిదింటికి సన్నగా చినుకులు పడ్డాయి. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆమె మాత్రం చెంగు నెత్తిన కప్పుకుని, అరటి దొప్పలో దీపం ఆరకుండా చేతులు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

“పోదామా?” అని అడిగాను.

“వాన ఆగాక మీరు అడగండి” అంది.

పదిన్నర దాటాక మబ్బు ఒక పక్కన పలచబడింది. ముందు కొండ అంచు తెల్లబడింది. తర్వాత ఎదుట పారుతున్న నీళ్లు. ఆ నీళ్ల మీది వెలుగు లేచి రాతి మీద పాకింది, నిలకడ లేకుండా, ఊపిరి తీస్తున్నట్టు వణుకుతూ. గుంపులో మేం ఉన్న చోటికి అమ్మవారి ముఖం సరిగ్గా కనిపించలేదు. పక్కనున్న బండ మీద మాత్రం ఆ వెలుగు పాకడం స్పష్టంగా చూశాను. రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో. మళ్లీ మబ్బు మూసుకుంది. అంత జనంలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాతే ఒకేసారి హరహర మహాదేవ. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. నేను ఏమీ అడగలేదు.

ఆ రాత్రి సత్రం వరండాలోనే పడుకున్నాం. నీళ్ల చప్పుడు తెల్లవార్లూ ఆగలేదు.

మూడో రోజు: కంభం చెరువు

పొద్దున్నే బయలుదేరి కనిగిరి మీదుగా కంభం వైపు సాగాం. నిన్నటి కోన వెంటనే మనసులోంచి పోలేదు గాని, కనిగిరి ప్రాంతం దాన్ని మరో రకంగా గుర్తుచేసింది. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. దశాబ్దాలుగా జనం ఎముకలు వంగిపోయి బాధపడుతున్నారు. టీ తాగడానికి ఆగిన చోట ఒక పెద్దాయన బిందె పట్టుకుని నడుస్తున్నాడు. మోకాళ్లు దగ్గరకు రావడం లేదు, మెడ తిరగడం లేదు. వెనుకనుంచి పిలిస్తే శరీరమంతా తిప్పి చూశాడు. మా అమ్మాయి ఎందుకలా అని అడిగితే, “తాగిన నీళ్లమ్మా” అని మామయ్య తక్కువ గొంతుతో చెప్పారు. ఒకవైపు కొండల్లో వాగులు పొంగి దారులు మూసేస్తుంటే, అరపూట దూరంలో మంచినీటి కోసం ఈ అవస్థ. మన పడమటి ఊళ్లకు సంబంధించి నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

మధ్యాహ్నం దాటాక కంభం చేరాం. చెరువు అని పిలుస్తారు గాని నా కళ్లకు అది సముద్రమే. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి బయటికి వచ్చే చోట, రెండు కొండల మధ్య ఉన్న సందుకు కట్ట వేసి ఏటిని ఆపేశారు. అంత చిన్న కట్టతో అంత పెద్ద నీటిని ఆపగలమని ఆ సందును చూసి గుర్తుపట్టిన మనిషి ఎవరో! విజయనగర కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని ఊళ్లో చెప్పుకుంటారు. నిండితే చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. వందల ఏళ్లుగా ఇప్పటికీ పొలాలకు నీరిస్తోంది కాబట్టి దీన్ని వారసత్వం అనడం నాకు చాలదనిపిస్తుంది. ఇది పనిచేస్తున్న చెరువు.

కట్ట మీద కూర్చున్నాం. నీళ్ల మీద మబ్బుల నీడలు, వాటి వెనుక నల్లమల నీలంగా. ఒక జాలరి పుట్టి వేసుకుని వల లాగుతున్నాడు. కరవు ఏడాదుల్లో ఈ చెరువు అడుగు కనిపించేదని, అందులో పశువులు మేసేవని మామయ్య చెప్పారు. అమ్మాయి నోటుపుస్తకం తీసి చెరువు బొమ్మ వేసుకుంది. రెండు కొండలు, మధ్యలో ఒక గీత. అంతే. అంతకంటే బాగా నేను చెప్పలేను.

రాత్రికి మార్కాపురం. ముందుగా మాట్లాడిన గది ఇంకెవరికో ఇచ్చేశారు. మరో చోట ఒకే గదిలో నలుగురం సర్దుకున్నాం. అర్ధరాత్రి గట్టి వాన కురిసింది. మామయ్య లేచి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి ఉండడం నిద్రలో చూశాను.

నాలుగో రోజు: దోర్నాల, తుమ్మలబయలు

తెల్లవారుజామున నాలుగున్నరకే మామయ్య అందరినీ లేపారు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు పోనివ్వరు. ఆ వేళ దారి జంతువులది. మేం చేరేసరికి గేటు ముందు ముప్పై దాకా కార్లు, రెండు బస్సులు. కార్తీకం కదా, అందరూ శ్రీశైలానికే. దోర్నాలలో ట్యాంకు నింపుకున్నాం.

ఈ అడవి పేరుకు జాతీయ పార్కు కాదు, పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా 1978లో ప్రకటించారు. 1983లో ప్రాజెక్టు టైగరులో చేర్చారు. రాష్ట్రం విడిపోక ముందు 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇదే. తర్వాత అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ అభయారణ్యమైంది. మరో విషయం మామయ్య చూపించారు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లను పడమటి ప్రకాశానికి తెచ్చేందుకు తవ్విన వెలిగొండ సొరంగాలు ఈ కొండల కిందనే ఉన్నాయి. రెండు సొరంగాలు, ఒక్కొక్కటి సుమారు 19 కిలోమీటర్లు. పైన అభయారణ్యం ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి తవ్వకుండా యంత్రంతో లోలోపలే తొలుచుకుంటూ పోయారు. నిన్న కనిగిరి దగ్గర చూసిన పెద్దాయన నాకు గుర్తొచ్చాడు. పైన పులికి ఇబ్బంది లేకుండా, కింద నీళ్లు ఆయన ఊరికి చేరాలి. ఆ రెండూ జరగాలని ఆ మలుపులో మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

ఘాట్ మొదలయ్యాక మామయ్య నా వైపు తిరిగారు. “ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు.” అంతే, ఆ తర్వాత మాట్లాడలేదు. ఎన్ని వేలసార్లు తిరిగిన దారో! ఒక్కో మలుపు రాకముందే ఆయన భుజం ఆ వైపు ఒరగడం గమనించాను.

ఇష్టకామేశ్వరి గుడికి అటవీశాఖ జీపులో వెళ్లాలనేది మా అమ్మాయి పథకంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసుకున్న విషయం. అడవి నడుమ చిన్న గుడి, అమ్మవారి నుదురు ముట్టుకుంటే మనిషి చర్మంలా మెత్తగా ఉంటుందని భక్తులు చెబుతారు. రాత్రి వానకు దారిలో వాగు పెరిగింది, జీపులు ఆపేశామన్నారు. అమ్మాయి నా వైపు చూసింది. నేను మామయ్య వైపు చూశాను.

“వాగు వద్దంటే వద్దనే” అన్నారాయన. ఆ పిల్ల తల వంచుకుంది, కానీ మారు మాట్లాడలేదు.

తుమ్మలబయలులో చిన్న సఫారీ మాత్రం నడుస్తోంది. జీపులో మాతో ఒక చెంచు పెద్దాయన కూర్చున్నాడు. అడవి కాపలా పనిచేస్తాడు. పులి కనబడుతుందా అని ఎవరూ అడగకముందే, “పులి మనల్ని చూస్తుందిలే, మనం చెట్లను చూద్దాం” అన్నాడు. నల్లమద్ది, ఏగిస, తునికి, సారపప్పు చెట్టు. ప్రతి చెట్టునూ చుట్టం పేరు పిలిచినట్టు పిలిచేవాడు. వాన కడిగిన ఆకులు. దారికి అడ్డంగా సాలెగూళ్లు, వాటి నిండా నీటి పూసలు. ఒకచోట కణితి అనే పెద్ద జింక మోగినట్టు అరిచింది. జీపు ఆపించి, చేయి పైకెత్తి, మళ్లీ అరుస్తుందేమోనని ఆయన చాలాసేపు విన్నాడు. అరవలేదు. “పోనీ” అన్నాడు.

ఒక బండల గుట్ట దగ్గర దిగమన్నాడు. అక్కడ చెట్టొకటి, ఒంటికి సున్నం పూసుకున్నట్టు తెల్లగా నిలబడి ఉంది. బెరడు కాగితంలా సన్నని పొరలుగా లేస్తోంది. కింద నుంచి లేత గులాబీ, లేతాకుపచ్చ తొంగిచూస్తున్నాయి. తపసి చెట్టు. చుట్టూ అడవంతా ముదురు పచ్చగా ఉంటే దీని ఆకులు మాత్రం పసుపు తిరిగి, ఒక్కొక్కటే రాలుతున్నాయి. మా అమ్మాయి నోటుపుస్తకంలోని ఎర్ర చెట్టుకు దగ్గర చుట్టం అదొక్కటే.

కాండం మీద అరచేతి వెడల్పున పాత గాటు ఉంది. అంచులు పెదవుల్లా ఉబ్బి లోపలికి మడుచుకున్నాయి. ఆయన దాని మీద వేలు పెట్టి చూపించాడు.

“ఎండాకాలంలో ఇక్కడ బంక వస్తుంది పాపా. మా నాన్న రోజుల్లో గొడ్డలితో లోతుగా కొట్టేవాళ్లు. బంక ఎక్కువ వచ్చేది, చెట్టు చచ్చేది. ఇప్పుడు చిన్న గాటే పెడతాం. మళ్లీ మానుతుంది. చూడు, ఇది మానుతోంది.”

మా అమ్మాయి ఆ ఉబ్బిన అంచును మెల్లగా తడిమింది. “నొప్పి పోయిందా?” అని అడిగింది, చెట్టునో ఆయననో తెలియలేదు.

“ఇంకో రెండేళ్లు పడుతుంది” అన్నాడు ఆయన.

ఆ చెట్టు దగ్గర పది నిమిషాలున్నాం. నాలుగు రోజుల్లో నేను ఎక్కువగా తలచుకునే పది నిమిషాలు అవే. చీకటి పడేలోపే, గేటుకు చాలా ముందే దోర్నాల దిగిపోయాం. ఎక్కిన గేరులోనే దిగాను.

ఐదో రోజు: ఇంటికి

మార్కాపురం, పొదిలి, ఒంగోలు. అక్కడి నుంచి పెద్ద రోడ్డు. వాన లేదు, ఎండ చురుక్కుమంటోంది. వెనుక సీటులో మా ఆవిడ నిద్రపోయింది. అమ్మాయి నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచి, ఎర్ర చెట్టు పక్కన ఒక తెల్ల చెట్టు వేసింది. కాండం మీద చిన్న గాటు కూడా వేసింది. తర్వాత రెండో పేజీకి పోయి, మూడు ప్రశ్నల కింద రాసుకుంటూ పైకి చదివింది.

“ఇష్టకామేశ్వరి. వాగు దాటనివ్వలేదు. మళ్లీ ఎప్పుడు తాతయ్యా?”

“పుష్యమాసంలో. అప్పటికి వానలు తగ్గుతాయి, ఎండలు ఇంకా రావు. ముందు దోర్నాలకు ఫోను చేసి అడగాలి” అన్నారు మామయ్య, కిటికీలోంచి చూస్తూనే.

ఆమె రాసుకుంది. కొంచెం ఆగి ఆయన వెనక్కి తిరిగారు.

“గేటు ఆరింటికి తెరుస్తారని కూడా రాయమ్మా.”